చూరు గుండు కింద చలి పొద్దులు

ఊళ్లో నెలగంట పెట్టారంటే చాలు, విజయనగరం పొలిమేరలోని ఆ వనం గుర్తొస్తుంది. వీధుల్లో ముగ్గులు, గొబ్బెమ్మలు, పిల్లల చేతుల్లో భోగి పిడకల దండలు. కొండ వాలున జీడిమామిడి తోపు దాటి నేరేడు చెట్ల నీడలోకి వెళితే అక్కడ గోనె సంచులు, పాత పళ్లబ్రష్షులు, తెల్లపొడి డబ్బా. మధ్యలో ఆ పెద్ద రాతి గుండు. దాని వాయవ్యపు ముఖం పెంకుటింటి చూరులా ముందుకి వంగి ఉండేది. అందుకే అందరి నోటా అది చూరు గుండు. "చూరు కాడికి ఎల్దామేటి" అంటే ఇంకేమీ చెప్పక్కర్లేదు, సంచులు భుజాన వేసుకోవడమే.

ఆ చూరుని ఎలా ఎక్కేవారో, ఏ పట్టు తర్వాత ఏ పట్టో, ఎక్కడ కాలు జారేదో రాసి పెట్టాలని ఎప్పటినుంచో ఉంది. చేతులకి గుర్తున్న సంగతులు నోటికి రావు. నోటికి వచ్చినప్పుడే కాగితం మీద పెట్టాలి.

చూరు ఎంత వంగిందో కంటితో తేలేది కాదు. కింద కూర్చుని చూస్తే నెత్తిమీద కప్పు, పక్కకి వెళ్లి చూస్తే ఇంతేనా అనిపించేది. మేస్త్రీలు గోడ నిలువు చూసే తూకంతో కొలిస్తేనే లెక్క కుదిరింది. పై అంచు నుంచి దారం వదిలితే 9 అడుగుల కింద నేలకి తగిలేది. తగిలిన చోటు నుంచి గుండు మొదలుకి 6 అడుగులు. అంటే నిలువు గోడ కంటే 34 డిగ్రీల దాకా మన మీదికి ఒరిగి ఉంది. అంచు దాటాక రాయి గుమ్మటంలా వెనక్కి తిరిగి, ఇంకో 3 అడుగుల్లో శిఖరం. మొత్తం 12 అడుగులు. ఇంత ఎత్తుకి తాడు కట్టరు. తాడు లేకుండా, పడితే పరుపు మీద పడేంత ఎత్తులో, నాలుగైదు కష్టమైన కదలికలతో ముగిసే ఎక్కుడు ఇది. దీన్నే బౌల్డరింగ్ అంటారు. ఇలాంటి ఎక్కుడు ఎంత కష్టమో చెప్పే 'వీ' లెక్కలో అయితే ఈ చూరు వీ4 దగ్గర ఉంటుంది.

రాయి సంగతి ముందు తెలియాలి. మన తూర్పు కనుమల్లో ఎక్కడ చూసినా కనిపించేది ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరే ఆ రాతికి పెట్టారు. కోణార్క గుడిలో ఎక్కువ భాగం ఆ రాతితోనే కట్టారు. అక్కడి శిల్పాలు ఉప్పుగాలికీ వానకీ ఎలా అరిగాయో చూసినవాళ్లకి అది ఎంత మెత్తబడగలదో వేరే చెప్పక్కర్లేదు. మన మెట్టల మీద ఎర్రగా, పొరలు పొరలుగా, తడిమితే పొడి రాలుతూ కనిపించేది అదే. అలాంటి రాయి చూరు కింద వేలాడకూడదు. పట్టుకున్న అంచు చేతిలోకే ఊడి వస్తుంది. చూరు గుండు ఆ జాతి కాదు. పైన పల్చటి తుప్పురంగు పొర ఉన్నా లోపలిది తెల్లటి గట్టి రాయి, దాన్నిండా కెంపు రంగు గార్నెట్ గింజలు. శ్రీకాకుళం తీరాన ఇసుకలో ఎర్రటి చారలు కనిపిస్తాయే, ఆ గింజలే. ఇక్కడ ఇంకా రాతిలో పొదిగి ఉన్నాయి. మినపగింజంతవి కొన్ని, శనగగింజంతవి కొన్ని. రాయి అరిగినంతగా గింజ అరగదు కాబట్టి అవి పైకి పొడుచుకుని ఉండేవి. వేలి కొసకి దొరికే పట్టంతా వాటి పుణ్యమే. గింజ ఊడిపోయిన చోట చిన్న గుంట మిగిలేది. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ గుంటలు సన్నటి మశూచి మచ్చల్లా కనిపించేవి.

కొత్త పట్టు ఏది ముట్టుకున్నా ముందు వేలి కణుపుతో కొట్టి వినడం అలవాటు. కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తామే, అలాగే. గట్టి రాయి చప్పుడు చిన్నగా, పొట్టిగా ఉంటుంది. బోలుగా మోగిందంటే వెనక పొర లేచిందన్నమాట. చూరు ఎడమ భాగంలో అరచేయంత పొర ఒకటి అలా మోగేది. చూడ్డానికి అదే అన్నిటికన్నా మంచి పట్టు. కొత్తవాళ్ల చెయ్యి సూటిగా దాని మీదికే పోయేది. అందుకే ఎవరు కొత్తగా వచ్చినా బూట్లు తొడుక్కోకముందే ఆ పొర చూపించి, "దీన్ని తాకొద్దు" అని చెప్పాకే మిగతా మాటలు.

ఎక్కే ముందు చేసే పని ఎక్కడం కంటే ఎక్కువ సేపు పట్టేది. ముందు పొడుగు కర్రతో మొదట్లోని ఆకులు కదిపి చూడాలి. గుండు మొదట్లో చల్లగా ఉంటుంది, పాములకి ఇష్టమైన చోటు. చీలికలో వేళ్లు పెట్టే ముందు లోపలికి టార్చి వేసి తేలు ఉందేమో చూడాలి. చూరు కింద కొండ తేనెటీగలు పట్టు పెట్టి ఉంటే ఆ రోజుకి, ఆ నెలకి కూడా ఎక్కడం లేదు. పొగ పెట్టడం, కర్రతో కదపడం వంటివి ఎవరూ చేయకూడదు. పట్టు వదిలి అవి వెళ్లిపోయాక మళ్లీ రావడమే.

ఆ తర్వాత నేల. రాళ్లు, ఎండు కొమ్మలు ఏరెయ్యాలి. నేరేడు వేరు ఒకటి సరిగ్గా కుడి పక్కన నేల పైకి తేలి ఉండేది. చీలమండ మడతపడటానికి అంత వేరు చాలు. దాని రెండు వైపులా మట్టి పోసి, పైన సంచి పరిచి చదును చేసేవారు. పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే క్రాష్ ప్యాడ్లు అప్పటికి మన పక్క ఎవరి దగ్గరా లేవు. నెల్లిమర్లలో జూట్ మిల్లు ఉన్న జిల్లా, గోనె సంచులకి కొదవేముంది. ఒక్కో సంచిలో ఎండు వరిగడ్డి కుక్కి, మూతి పురికొసతో కుట్టి, అలాంటివి ఆరు కింద పరిచి, వాటి మీద కొబ్బరి పీచు పరుపు ఒకటి వేసేవారు. ఈ వరస తిరగబడకూడదు. పైన గట్టిగా ఉన్నది బరువుని నలువైపులా పంచుతుంది, కింద మెత్తగా ఉన్నది దెబ్బని మింగుతుంది. మెత్తది పైన వేస్తే పాదం ఒక్కచోటే దిగబడి మడమ నేలకి తగులుతుంది. ఇప్పుడు దొరికే క్రాష్ ప్యాడ్లలో కూడా పైన గట్టి ఫోము, కింద మందమైన మెత్తటి ఫోము ఉండేది ఇందుకే. గడ్డితో చిక్కేమిటంటే పదిసార్లు పడితే అణిగిపోతుంది. మధ్యమధ్య సంచి ఎత్తి దులపాలి. తడిస్తే రెండు రోజుల్లో ముగ్గిపోయి కంపు కొడుతుంది, బరువెక్కుతుంది. గడ్డి మార్చడమే.

సంచులు ఎక్కడ పరవాలి అన్నది గడ్డి కంటే ముఖ్యం. చూరు కింద కూర్చుని మొదలుపెడతాం కాబట్టి అందరూ అక్కడే పరిచేస్తారు. అక్కడ పడితే దెబ్బ లేదు, ఎత్తు రెండడుగులే. దెబ్బ తగిలేది అంచు దగ్గర కాలు జారినప్పుడు. కాలు జారితే ఒళ్లు ఊయలలా బయటికి ఊగి, ఆ ఊపు మీద చెయ్యి వదిలేస్తుంది. అందుకని మనిషి అంచు కింద పడడు, అంచుకి రెండు మూడడుగులు అవతల వెల్లకిలా పడతాడు. నాలుగు సంచులు, పరుపు అక్కడ. మిగిలిన రెండు సంచులు చూరు లోపల.

వెనక నిలబడేవాడి పని పడేవాణ్ణి చేతుల్లో పట్టుకోవడం కాదు. అలా పట్టబోతే ఇద్దరి చేతులూ విరుగుతాయి. ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి వేసి, మోచేతులు కాస్త మడిచి, వేళ్లన్నీ కలిపి, బొటనవేళ్లు అరచేతి పక్కకి ముడిచి నిలబడాలి. విడిగా చాచిన బొటనవేలు వెనక్కి విరగడం క్షణం పని. పడేవాడి నడుము పైన, రెక్కల కింద చేతులు ఆనించి, ఒళ్లు నిలువుగా పరుపు మీదికి వచ్చేటట్టు మళ్లించాలి. కాళ్లు ముందు ఆనాలి, తల ఎప్పుడూ ఆనకూడదు. అంతే. కళ్లు ఎక్కేవాడి నడుము మీదే ఉండాలి. చేతులకేసి, పట్టులకేసి చూస్తూ నిలబడ్డవాడికి పడటం ఆలస్యంగా తెలుస్తుంది.

తెల్లపొడి అంటే మెగ్నీషియం కార్బొనేట్. బడి చాక్‌పీసు దంచి వాడితే సరిపోదా అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. సరిపోదు. చాక్‌పీసులో ఎక్కువగా ఉండేది జిప్సం. చెమటతో కలిస్తే ముద్దయి రాతి మీద పూతలా పట్టేస్తుంది, జారుడు ఇంకా పెరుగుతుంది. మెగ్నీషియం చెమట పీల్చుకుని పొడిగానే ఉంటుంది. బరువులెత్తేవాళ్లు, జిమ్నాస్టులు వాడేది ఇదే. రాతి మీద ఎక్కేవాళ్లకి దీన్ని అలవాటు చేసింది అమెరికాలో జాన్ గిల్ అనే జిమ్నాస్టు, 1950ల్లో. మనకి దీనికోసం దూరం పోనక్కర్లేదు. వెయిట్‌లిఫ్టింగ్ అంటే ఊరు ఊరంతా ప్రాణం పెట్టే కొండవెలగాడ నెల్లిమర్ల పక్కనే ఉంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాక మన రెండు జిల్లాల్లో ఆ తెల్లటి ఇటుక ముక్క తెలియని వ్యాయామశాల లేదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడి కథలు వింటూ పెరిగిన ఊరు మనది. బలం అంటే ఇక్కడ భుజం, ఛాతీ, తొడ. చూరు కిందికి వచ్చాక ఆ లెక్క కొంచెం మారేది. వంద కిలోలు ఎత్తే కుర్రాడు రెండో పట్టు దగ్గర ఊడిపోయేవాడు. తాటిచెట్టు ఎక్కి కల్లు గీసే ఇంటి కుర్రాడు, సన్నగా ఉన్నవాడు, మొదటి రోజే నాలుగో పట్టు దాకా వెళ్లిపోయేవాడు. వాడికి కాళ్లతో చెట్టుని కరుచుకోవడం తెలుసు.

చూరు గుట్టంతా అందులోనే ఉంది. నిలువు గోడ మీద కాలు ఊరికే ఆనితే చాలు, బరువు దానంతట అదే దిగుతుంది. చూరు మీద అలా కాదు. పాదం ఆనించి ఊరుకుంటే జారిపోతుంది. బొటనవేలి కొసతో పట్టుని తవ్వుతున్నట్టు మన వైపు లాగాలి. ఆ లాగుడు మడమ నుంచి పిక్క, తొడ వెనక, పిర్ర, పొత్తికడుపు మీదుగా భుజం దాకా ఒక్క తాడులా బిగుసుకుని ఉండాలి. మధ్యలో ఎక్కడ వదులైనా కాలు ఊడుతుంది. చేతులు మాత్రం చాచే ఉంచాలి. మోచెయ్యి మడిచి వేలాడితే కండ మోస్తుంది, అర నిమిషంలో ముంజేయి రాయిలా గట్టిపడి వేళ్లు తెరుచుకుంటాయి. చాచి వేలాడితే ఎముక మోస్తుంది. బావిలో చేద తాడుకి వేలాడినట్టు ఉండాలి చెయ్యి.

ఇక ఎక్కుడు. మొదలు కూర్చునే. చూరు లోపల, నేలకి 3 అడుగుల ఎత్తున అరుగు లాంటి పట్టు, జానెడు పొడుగు, రెండు చేతులూ పడతాయి. కుడి పాదం మొదట్లో ఇటుకంత పొడుచుకొచ్చిన రాతి మీద. ఎడమ పాదం ఊరికే రాతికి ఒత్తి. పిర్రలు నేల వదిలాయంటే ఎక్కుడు మొదలైనట్టు.

మొదటి కదలిక కుడిచేతిది, నాలుగున్నర అడుగుల ఎత్తున ఉన్న నిలువు చీలికకి. ఎదురుగా నిలబడ్డట్టే ఉండి అందుకోబోతే అందదు. కుడి మోకాలిని లోపలికి, నేల వైపు తిప్పాలి. పాదం బయటి అంచు మీద తిరుగుతుంది, కుడి తుంటి రాతికి అతుక్కుంటుంది, భుజం దానంతట అదే జానెడు పైకి లేస్తుంది. ఎడమ చెయ్యి చాచే ఉంటుంది. చీలికని పక్క నుంచి పట్టాలి, బొటనవేలు పైకి ఉండేలా, తలుపు తెరుస్తున్నట్టు లాగుతూ. మోకాలు తిప్పేటప్పుడు పాదం కూడా తిరగాలి. పాదం బిగుసుకుపోయి మోకాలు ఒక్కటే తిరిగితే లోపలి నరం పట్టేస్తుంది, వారాలు పోతుంది.

రెండోది ఎడమ చేతిది. కుడి చెయ్యి చీలికలో ఉండగా ఎడమ పాదాన్ని ఎత్తి, ఇందాక చేతులు పట్టిన అరుగు మీదికి తేవాలి. ఎడమ చేతికి పక్కనే, రెండు వేళ్ల ఎడంలో. బయటి అంచే ఆనాలి. కుడి కాలు ఇప్పుడు ఏ పట్టు మీదా ఉండదు, కుడివైపు దూరంగా చాచి రాతికి ఆనించి ఉంచాలి, కోతి తోకలా తూకం కోసం. ఎడమ తుంటి లోపలికి. అప్పుడు ఎడమ చెయ్యి వదిలితే ఒళ్లు తలుపులా తిరగదు. తిరిగిందంటే కుడి కాలు చాలినంత దూరం చాచలేదని అర్థం.

ఎడమ చెయ్యి చేరేది గింజల అంచుకి. ఆరడుగుల ఎత్తు. అంత దగ్గరగా చూసిన రాయి ఇంకోటి లేదు. పొడుగు నాలుగు వేళ్లంత, లోతు వేలి మొదటి కణుపులో సగం. అంచు పొడవునా ఐదు గార్నెట్ గింజలు, మధ్యది పెద్దది. చూపుడు వేలికీ మధ్యవేలికీ సందున ఆ పెద్ద గింజ పడాలి. అది వేలి కింద పడితే సూదిలా గుచ్చి రెండో ప్రయత్నానికే చర్మం తెగుతుంది. సందున పడితే వేళ్లు పక్కకి జారకుండా అదే ఆపుతుంది. అర అంగుళం తేడా. పొద్దున్నే టార్చి పక్క నుంచి వేసి ఆ గింజ ఎక్కడుందో చూసుకుని, కళ్లు మూసుకుని కూడా వేళ్లు అక్కడే పడేటట్టు చేసుకునేవారు.

ఈ అంచు మీద వేళ్లు ఎలా పెట్టాలి అన్నది చాలామందిని ఏడిపించింది. వేళ్లు నిటారుగా మడిచి, పైన బొటనవేలు బిగించి పడితే బలం వస్తుంది. కానీ ఆ బరువంతా వేలి ఎముకని నరానికి కట్టి ఉంచే సన్నటి కట్టు మీద పడుతుంది. అది తెగితే టప్పుమని చప్పుడు వినిపిస్తుంది, ఉంగరపు వేలి మొదట్లో వాపు, నెలల తరబడి పని లేదు. కండ ఆరు నెలల్లో పెరుగుతుంది, ఈ కట్లు గట్టిపడటానికి ఏళ్లు పడుతుంది. అందుకని మొదటి రెండేళ్లు సగం మడిచిన వేళ్లతోనే పట్టాలని పట్టుబట్టేవారు. ఆ పట్టుతో రాకపోతే ఆ రోజుకి రానట్టే.

మూడోది కుడి చేతితో బుడిపెకి, ఏడున్నర అడుగులకి. కుడి పాదం చీలిక కింది పెదవి మీద, కుడి తుంటి మళ్లీ లోపలికి. బుడిపె నిమ్మకాయంత. పిడికిట్లో పట్టరాదు, బొటనవేలు కింద నుంచి, వేళ్లు పై నుంచి నొక్కాలి. ఇది మామూలుగానే వచ్చేస్తుంది.

నాలుగోదే చూరు. కుడి చెయ్యి బుడిపె మీద, ఎడమ చెయ్యి గింజల అంచు వదిలి 9 అడుగుల ఎత్తున పై పెదవికి వెళ్లాలి. ఆ పెదవికి అంచు లేదు, గుండ్రటి వాలు. వేళ్లు కొక్కెంలా పట్టడానికి ఏమీ ఉండదు, అరచెయ్యంతా పరిచి రాపిడి మీదే నిలవాలి. వాలు పట్టు ఎప్పుడూ కింద నుంచి లాగితేనే ఆగుతుంది, బయటికి లాగితే జారుతుంది. కాబట్టి ఒళ్లు బయటికి రాకూడదు. ఒళ్లు బయటికి రాకుండా ఆపేది ఒక్కటే, దిగువన అరుగు మీద మిగిలిన ఎడమ పాదం. చెయ్యి పైకి వెళ్లేకొద్దీ ఒళ్లు సాగుతుంది, పాదం మీద బరువు తగ్గుతుంది, సరిగ్గా చెయ్యి పెదవి తాకే వేళకి పాదం ఊడుతుంది. వంద సార్లు పడితే తొంభై సార్లు ఇక్కడే, ఇందుకే. వెనక నిలబడ్డవాళ్ల గొంతులు ఒక్కసారి లేచేది ఇక్కడే. "కాలు ఒగ్గీకు! కాలు ఒగ్గీకురా!" నేరేడు చెట్టు మీద గోరువంకలు లేచిపోయేవి.

పాదం ఊడకుండా ఉండటానికి మూడు సంగతులు తేలాయి. కదిలే ముందే మడమ కిందికి దించి, బొటనవేలితో అరుగుని లాగడం మొదలుపెట్టాలి. కదిలాక గుర్తు తెచ్చుకుంటే ఆలస్యమే. ఊపిరి సగం వదిలి పొత్తికడుపు బిగించాలి. నిండుగా పీల్చుకుని వెళితే పెదవి తాకగానే ఊపిరి వదిలేస్తాం, దానితోపాటే నడుమూ వదులవుతుంది. మూడోది, గెంతకూడదు. గెంతితే చెయ్యి త్వరగా చేరుతుంది, కాలు అంతకన్నా త్వరగా పోతుంది. నెమ్మదిగా, తుంటితో మొదలుపెట్టి, చివర చెయ్యి చేరేటట్టు వెళ్లాలి. పొట్టివాళ్లకి ఇది కుదరదని వాదన వచ్చేది. అది నిజమే. ఐదడుగుల లోపువాళ్లు ఎడమ పాదాన్ని అరుగు మీద కాక, దానికి అడుగు పైన గార్నెట్ గుంటలో బొటనవేలి కొస పెట్టి వెళ్లేవారు. పాదం చిన్నది కాబట్టి ఆ గుంట వాళ్లకే సరిపోయేది.

పెదవి మీద ఎడమ అరచెయ్యి నిలిచాక కుడి చెయ్యి దాని పక్కన గిన్నెలాంటి గుంటలోకి. ఇది మంచి పట్టు, నాలుగు వేళ్లూ దిగుతాయి. మంచు కురిసిన రాత్రి తర్వాత అందులో చెంచాడు నీళ్లు నిలిచి ఉండేవి. ఎక్కే ముందు వెనక నుంచి పైకి వెళ్లి, గుడ్డతో తుడిచి, పొడి చల్లి రావాలి. ఆ పని మరిచిపోయి, అంతా దాటి వచ్చి, తడి గిన్నెలో చెయ్యి పెట్టి పడినవాళ్ల ముఖాలు ఇప్పటికీ కళ్లముందున్నాయి.

తర్వాత కుడి మడమ. చేతుల ఎత్తుకి, గిన్నెకి కుడిపక్కన మూరెడు దూరంలో పెదవి మీదికి మడమ వేసి, తొడ వెనక కండతో రాతిని మన వైపు లాగాలి. హీల్ హుక్ అంటారు. ఇక్కడ ఆ కండ పట్టేయడం మామూలు. చలిలో ఒళ్లు వేడెక్కకుండా వేస్తే ఇంకా తొందరగా. మడమ లాగుతుంటే తుంటి పెదవి దాకా లేస్తుంది. ఇప్పుడు ఎడమ అరచేతిని తిప్పాలి, వేళ్లు కుడివైపుకి, మణికట్టు బయటికి. నీళ్లలోంచి చెరువు గట్టు మీదికి ఎక్కేటప్పుడు అరచేత్తో నొక్కుతామే, అదే నొక్కుడు. విజయనగరంలో పెద్ద చెరువు చూస్తూ పెరిగినవాళ్లకి ఆ మాట చెప్పగానే అర్థమయ్యేది. ముక్కు మోకాలికి తగిలేంతగా తల ముందుకి వాల్చి, బరువంతా కుడి పాదం మీదికి తెచ్చి, లేవాలి. మోకాలు ఆనించి పాకడం సులువుగా కనిపిస్తుంది కానీ మోకాలు ఆనాక దాని మీంచి లేవడం కుదరదు. పైగా గింజలు మోకాటి చిప్పని గీరేస్తాయి. తొందరపడి రెండు చేతులూ ముందుకి చాపితే తుంటి వెనక్కి పోతుంది, 10 అడుగుల ఎత్తు నుంచి వెల్లకిలా. అక్కడ ఆగి, పాదం నిలిచిందని తెలిశాకే చెయ్యి తీయాలి.

ఒక ప్రయత్నానికీ ఇంకో ప్రయత్నానికీ మధ్య ఐదు నిమిషాలు కూర్చోవాలి. మొదట్లో ఎవరూ కూర్చునేవారు కాదు. పడి లేచి, మళ్లీ అంటుకుని, పావుగంటలో ఏడు సార్లు పడి, ఇంక చాలు అనేవారు. వేళ్లకి తిరిగి బలం రావాలంటే ఆ ఐదు నిమిషాలు కావాలి. ఆ ఐదేసి నిమిషాల్లోనే ఉప్మా పొట్లాలు విప్పడం, బూట్లు వదులు చేసుకోవడం, పాత పళ్లబ్రష్షుతో పట్టులు రుద్దడం. ఇనప బ్రష్షు పనికిరాదు. రాయిని నున్నగా చేస్తుంది, గింజలు ఊడగొడుతుంది. కొబ్బరి పీచు కూడా బాగానే పనిచేసేది. బూట్ల విషయం చెప్పాలంటే అసలు సిసలు క్లైంబింగ్ బూట్లు రాకముందు కేన్వాసు బూట్లే. అడుగు నునుపెక్కితే తడి గోనెతో తుడిచి, అరచేత్తో చురచుర రుద్దితే మళ్లీ పట్టు వచ్చేది. బురద కాలితో మాత్రం రాతి మీద అడుగు పెట్టనిచ్చేవారు కాదు.

చర్మం కోసం రాత్రి వేళ్లకి కొబ్బరినూనె రాసి, పొద్దున కుంకుడు రసంతో జిడ్డంతా పోయేలా కడిగి రావాలి. పొట్టు లేచిన చోట గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. లేచిన అంచు పట్టుకి తగులుకుంటే లోపలి దాకా చిరుగుతుంది. వేలి కొసలు గులాబి రంగు తేలి మెరుస్తున్నాయంటే ఆ రోజుకి ఆపెయ్యాలి. ఆ పైన ఇంకోసారి అంటే నెత్తురే. ఒక రోజు ఎక్కితే మధ్యలో రెండు రోజులు విరామం.

కాలం చూసుకోవాలి. మార్గశిరం నుంచి మాఘం దాకానే చూరు సరిగ్గా పట్టు ఇచ్చేది. ముఖం వాయవ్యం కాబట్టి పొద్దుటి పూటంతా నీడే. ఎనిమిదిన్నరకి ఎండ పై పెదవిని తాకి మంచు ఆరబెట్టేది. ఎనిమిదిన్నర నుంచి పదింటి దాకా, ఆ గంటన్నరే అసలు వేళ. మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి తిరిగితే అరచేతులు ఊరుకోవు, పొడి ఎంత రాసినా తడే. వానాకాలంలో చూరు కింద తడవకపోయినా రాయి లోపల తడి పీల్చుకుని ఉంటుంది. వాన వెలిశాక రెండు ఎండలు కాసేదాకా గింజల అంచు ముట్టుకోకూడదు. తడి రాతిలోనే గింజలు ఊడేవి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ తర్వాత వనంలోకి వెళ్లేసరికి గుండు పక్కన నేరేడు చెట్లు రెండు వేళ్లతో సహా పడి ఉన్నాయి. గుండు చెక్కుచెదరలేదు. నీడ పోయింది. అంతకుముందు పన్నెండు దాకా చల్లగా ఉండే వెనక భాగం పదికే కాలిపోవడం మొదలైంది. నాచు ఎండి రాలింది. కుడి పక్కన మట్టి పోసి కప్పిన ఆ వేరు కూడా చెట్టుతోపాటే లేచిపోయి, అక్కడ మోకాలి లోతు గొయ్యి మిగిలింది. దాన్ని పూడ్చి, తొక్కి, నీళ్లు చల్లి గట్టిపరచడానికి రెండు ఆదివారాలు పట్టింది. కొత్త మట్టి వానకి కుంగుతుంది కాబట్టి మరుసటి ఏడు మళ్లీ పోయాల్సి వచ్చింది.

కొత్త గుండ్లు వెతుక్కుంటూ రామతీర్థం వైపు వెళ్లాలనిపించేది అందరికీ. అక్కడ బోడికొండ, గురుభక్తులకొండ చూస్తే ఎక్కేవాళ్లకి చేతులు ఆగవు. కానీ అవి గుడీ, బౌద్ధుల ఇటుక కట్టడాల శిథిలాలూ ఉన్న కొండలు. అక్కడ తెల్లపొడి చేతులతో రాయి ముట్టుకోకూడదు. మెట్లెక్కి, దండం పెట్టుకుని, రాయిని కళ్లతో చూసి దిగిరావడమే. ఆ మాట మీద ఎవరూ తప్పలేదు.

పైకి చేరాక దిగడం వెనక నుంచి. గుండు వెనక భాగం మట్టిలోకి వాలి ఉంటుంది, మర్రి ఊడలు రెండు పట్టుకుని నాలుగు అడుగులు వేస్తే నేల. దూకకూడదు. చేతులు అలిసి, సంబరంలో ఉన్న మనిషి ఆరడుగులు దూకినా మడమ బెణుకుతుంది. దిగాక మళ్లీ ముందుకి వచ్చి, బ్రష్షు తీసుకుని, కింది అరుగు నుంచి మొదలుపెట్టి ఒక్కో పట్టు మీద తెల్లపొడి అంతా దులిపెయ్యాలి. గింజల అంచు చివర. పొడి పోయాక ఆ ఐదు గింజలూ మళ్లీ ఎర్రగా బయటపడేవి, తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే ఇంకా ఎర్రగా. అప్పటికి పై గిన్నెలో ఎవరో ఒకరు సీసాలో మిగిలిన నీళ్లు పోసి వచ్చేవారు. మంచు నీళ్లు పొద్దున తుడిచేశాం కదా, పిట్టలకి కావాలి.